చెరి నలభై గ్రాములు

ఆ రోజు ఉదయం వెనక వరండాలో పాత పేపర్లు మారుస్తుంటే, మా కుందేలు బెల్లం కూర్చునే మూల రూపాయి బిళ్లంత ఎర్ర మరక కనిపించింది. ముందు రోజు నా భార్య రత్నం బీట్‌రూట్ తొక్కలు వేసింది కాబట్టి దాని రంగే అనుకున్నాను. పేపరు మడిచి బయట పడేశాను. మడిచేటప్పుడు వేలికి మరక మధ్యలో ఏదో జిగురుగా, చిన్న ముద్దలా తగిలింది. సాయంత్రం కొట్లో పత్తి బస్తాలు తూస్తుండగా తట్టింది, బీట్‌రూట్ రసం అలా గడ్డ కట్టదని.

మాది తిరువూరు. నేను పత్తి కొనే ఒక కొట్లో కాటా గుమాస్తాని. వయసు యాభై ఒకటి. బడిలో చదివింది ఏడో తరగతి వరకే. దశాంశాలు, తరుగు, తేమకి తగ్గింపు, సరాసరి, ఇవన్నీ కాటా పక్కన నిలబడి చూసి నేర్చుకున్నవే. రత్నం అంగన్‌వాడీ టీచరు. మా అత్తయ్య మార్తమ్మ మాతోనే ఉంటుంది. నలభై ఏళ్లు పొలం పనులు చేసి, మోకాళ్లు ఒప్పుకోక మానేసింది.

నాలుగేళ్ల కిందట రత్నంతో పనిచేసే ఒకావిడ ఊరు మారుతూ రెండు ఆడ కుందేలు పిల్లల్ని మాకిచ్చి వెళ్లింది. ఒక ఈతలో పుట్టిన అక్కచెల్లెళ్లు. గోధుమ రంగుది బెల్లం, తెల్లటి ఒంటి మీద నల్ల చుక్కలున్నది నువ్వులు. ఎప్పుడూ విడిగా లేవు. ఒకే పళ్లెంలో తింటాయి. ఒకదాని మెడ మీద ఇంకొకటి గడ్డం ఆనించి పడుకుంటాయి. ఇలాంటి జతని బాండెడ్ పెయిర్ అంటారని తరవాత డాక్టరు చెబితే తెలిసింది.

బీట్‌రూట్, క్యారెట్ పూర్తిగా ఆపేశాం. మరక కనిపించిన రోజున క్యాలెండరులో అంకె చుట్టూ సున్నా చుట్టడం మొదలుపెట్టాను. తొమ్మిది రోజుల్లో నాలుగు సున్నాలు పడ్డాయి. మిగతా విషయాల్లో బెల్లం మామూలుగానే ఉంది. తోటకూర వేస్తే ముందు తనే లాక్కునేది. అందుకే ఆ తొమ్మిది రోజులు ఆగాను. ఆగకుండా ఉండాల్సింది.

మా ఊరి పశువుల డాక్టరు గారు దాని మూత్రంలో స్ట్రిప్ ముంచి చూసి, "ఇది రంగు కాదండి, రక్తమే. నేను గేదెలు, మేకలు చూసేవాణ్ణి. కుందేలుకి స్కానింగూ మత్తూ నా దగ్గర కుదరవు. విజయవాడ తీసుకెళ్లండి, ఆలస్యం చెయ్యకండి" అన్నారు.

ఇంటికొచ్చి చెబితే అత్తయ్య బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "కుందేలుకి కడుపు స్కానింగా! నేను ముగ్గుర్ని కన్నాను, ఒక్కసారీ నాకెవరూ తియ్యలేదు."

"నీకు ఇప్పుడు తీయిద్దాంలే అమ్మా" అంది రత్నం.

"నాకెందుకే, దానికే తీయించండి. నాలుగు రోజుల్నించి అది కూర్చునే తీరు నాకేం నచ్చట్లేదు."

మర్నాడు బెల్లాన్ని ఒక్కదాన్నే బుట్టలో పెట్టుకుని బస్సెక్కాం. విజయవాడలో కుందేళ్లు, పక్షులు చూసే ఒక డాక్టరు మేడం ఉన్నారు. ఆవిడ అల్ట్రాసౌండ్ చేస్తూ తెర మా వైపు తిప్పారు. "యుటెరస్ గోడ మందంగా ఉంది. ఇదిగో, ఇక్కడ గడ్డలా కనిపిస్తోంది. స్పే చెయ్యాలి. అంటే యుటెరస్, ఓవరీలు మొత్తం తీసేస్తాం. ఇలా తీయించని ఆడ కుందేళ్లకి వయసు పెరిగేకొద్దీ ఇది తరచుగా వస్తుంది."

"నూటికి ఎన్నింటికి వస్తుంది మేడం? ఆపరేషన్‌లో నూటికి ఎన్ని బతుకుతాయి?" అని అడిగాను.

ఆవిడ చేతులు తుడుచుకుంటూ, "మీకున్న బెల్లం ఒక్కటే కదండి. దాని గుండె బాగుంది, బరువు బాగుంది. నాకు అది చాలు" అన్నారు. చెల్లెలికి కూడా అదే రోజు చేసేస్తే మంచిదని, ఇద్దరూ కలిసే కోలుకుంటారని చెప్పారు.

ఆ సాయంత్రం ఇంట్లో మొదటి దెబ్బ తగిలింది. బుట్టలోంచి బెల్లాన్ని దింపగానే నువ్వులు ముక్కు ఆడిస్తూ దగ్గరికొచ్చి, వాసన చూసి, ఒక్కసారిగా మీద పడింది. వెనక కాళ్లతో నేలని కొట్టింది. చూస్తుండగానే గుప్పెడు గోధుమ రంగు బొచ్చు వరండా అంతా ఎగిరింది. రత్నం మధ్యలో చెయ్యి పెడితే ఆ చెయ్యి మీదా గీరింది. నాలుగేళ్లలో అవి కొట్టుకోవడం మేము చూడలేదు. డాక్టరుకి ఫోన్ చేస్తే, "అయ్యో, నేను ముందే చెప్పాల్సింది. ఆస్పత్రి వాసన వస్తే తన జతనే గుర్తుపట్టదు. ఒకే తువ్వాలుతో రెండిటినీ తుడవండి. ఇకనుంచి ఎక్కడికి తెచ్చినా, ఎందుకు తెచ్చినా, రెండిటినీ కలిపే తేండి" అన్నారు.

రెండు రోజులు రత్నం వాటి మధ్య పీట వేసుకుని కూర్చుంది. మూడో రోజు నువ్వులు వచ్చి బెల్లం చెవి నాకింది. ఆ రోజు నా మనసులో ఒక నియమం గట్టిగా పడిపోయింది. ఏం చేసినా రెండిటినీ కలిపే చెయ్యాలి. ఆ నియమం మంచిదే. దాన్ని నేను వాడిన తీరే నన్ను ముంచబోయింది.

ఆపరేషన్ మంగళవారం అన్నారు. సోమవారం సాయంత్రం అత్తయ్య పళ్లెం తీసి పైన పెట్టేసింది. ఆపరేషన్ అంటే ఖాళీ కడుపు ఉండాలని ఆవిడ పట్టు. రత్నం ఫోన్ చేసి స్పీకరులో పెట్టింది. డాక్టరు గొంతు పెంచారు. "వద్దు వద్దు, పస్తు పెట్టకండి. కుందేలు వాంతి చేసుకోలేదు. దాని పేగు ఎప్పుడూ కదులుతూ ఉండాలి, ఆగితే ప్రమాదం. వచ్చే దారిలో కూడా గడ్డి పెట్టండి."

"మంచి జబ్బే. తింటూ పోవచ్చు" అని అత్తయ్య పళ్లెం దింపింది.

ఈసారి గాలి తగిలే టమాటా ట్రే ఒకటి తీసుకుని, పైన ఇంకో ట్రే బోర్లించి తాడు కట్టాం. లోపల ఎండు గరిక పరిచాం. బస్సులో కండక్టరు వంగి చూశాడు.

"కోళ్లా?"

"కుందేళ్లండి."

"రెండూ ఆడవేనా? కాకపోతే విజయవాడ చేరేసరికి ఆరు టికెట్లు కొట్టాల్సొస్తది."

వెనక సీటు దాకా నవ్వారు. ఆస్పత్రికి వెళ్తున్నామని రత్నం చెప్పాక అతను ఎండ పడని వైపు సీటు చూపించాడు.

బెల్లానికి యాభై ఐదు నిమిషాలు పట్టింది. నువ్వులుకి నలభై. గోడ గడియారం కింద కూర్చుని నేను లెక్క చూస్తూనే ఉన్నాను. తరవాత డాక్టరు బయటికొచ్చి, "రెండూ లేచాయి. బెల్లం లోపల గోళీకాయంత గడ్డ ఉంది, ముక్క బయాప్సీకి పంపుతున్నాను. చుట్టుపక్కల నా కంటికి శుభ్రంగానే ఉంది" అన్నారు. ఆ రాత్రికి అక్కడే ఉంచుకుని, రెండూ కాస్త గడ్డి కొరికాక బుధవారం సాయంత్రం పంపించారు.

పంపేటప్పుడు చెప్పినవన్నీ రాసుకున్నాను. పేపర్ల బదులు మెత్తటి బట్ట పరచాలి. పది రోజులు ఎత్తు మీదికి ఎక్కనివ్వకూడదు. పూటకోసారి కుట్లు చూడాలి, ఎరుపు, వాపు, తడి ఉన్నాయేమో. నొప్పి మందు రోజుకోసారి, దేని మోతాదు దానికి సిరంజితో నోట్లో వెయ్యాలి. మోతాదులు ఇక్కడ రాయను. అవి ఒక్కో కుందేలు బరువుని బట్టి ఉంటాయి, మీ డాక్టరే చెప్పాలి. ఆఖరున ఆవిడ, "తింటున్నాయా, పెంటికలు వేస్తున్నాయా, ఈ రెండే నాకు ముఖ్యం. పెంటికలు తగ్గినా, సైజు చిన్నదైనా ఫోన్ చెయ్యండి. బరువు కొద్దిగా తగ్గడం మామూలే" అన్నారు.

లెక్కపెట్టమంటే నాకు చెప్పాలా! ఆపరేషన్ ముందు రోజే వరండా ఊడ్చి లెక్కపెట్టి ఉంచాను. ఇరవై నాలుగు గంటల్లో నాలుగు వందల పన్నెండు. ఇంటికొచ్చాక అత్తయ్య కూడా సాయం పట్టింది. పొలంలో ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనకుండా లాభం అంటారు కదా, ఆవిడ పెంటికలకీ అదే పద్ధతి పెట్టింది. ముక్కాలి పీట మీద కూర్చుని పుల్లతో జరుపుతూ, "లాభం, రెండు, మూడు..." రత్నం పడీపడీ నవ్వింది.

గురువారం ఉదయానికి అరవై ఒకటి. శుక్రవారానికి నూట నలభై ఎనిమిది. శనివారానికి నూట తొంభై ఆరు. రోజురోజుకీ పెరుగుతోంది. శుక్రవారం డాక్టరే ఫోన్ చేసి, "రెండూ వేస్తున్నాయా?" అని అడిగితే, "వేస్తున్నాయి మేడం, సరాసరి డెబ్బై నాలుగు" అన్నాను. ఆ జవాబు ఎలా వచ్చిందో ఇప్పుడు చెప్పాలి.

కాటా దగ్గర మేము బస్తాలు ఒక్కొక్కటిగా తూచం. పదేసి ఎక్కించి, మొత్తం చూసి, పదితో భాగిస్తాం. ఇరవై ఏడేళ్లుగా నా చేతికి అలవాటైన పని అది. కుందేళ్లని విడదీయకూడదన్నారు. అందుకే రెండిటినీ ఒకే బుట్టలో కూర్చోబెట్టి, ఇంట్లో ఉన్న చిన్న కాటా మీద బరువు చూశాను, బుట్ట బరువు తీసేసి రెండుతో భాగించాను. పెంటికలు మొత్తం లెక్కపెట్టి రెండుతో భాగించాను. మందు విషయానికి వస్తే, మొదటి రోజు సిరంజి పెట్టబోతే బెల్లం చేతుల్లోంచి గింజుకుంది. కుట్లు తెగుతాయని భయపడి, రెండిటి మోతాదూ సరిగ్గా కొలిచి, మెదిపిన అరటిపండు ముక్కలో కలిపి ఒకే పళ్లెంలో పెట్టాను. ఎప్పుడూ ఒకే పళ్లెంలో తినేవే కదా. పళ్లెం ఖాళీ అయింది. మొత్తం మందు లోపలికి వెళ్లింది. నా లెక్కలో ఎక్కడా తేడా లేదు.

శనివారం ఉదయం బుట్ట తూచాను. ఆపరేషన్ నాడు ఆస్పత్రిలో తూచినప్పుడు బెల్లం 2 కిలోల 120 గ్రాములు, నువ్వులు 1 కిలో 930. మొత్తం 4 కిలోల 50. ఇప్పుడు 3 కిలోల 970. ఎనభై గ్రాములు తగ్గాయి. పుస్తకంలో "చెరి నలభై గ్రాములు, మామూలే" అని రాసి, కొట్టుకి బయలుదేరబోతూ చెప్పులు వేసుకుంటున్నాను.

"అల్లుడు గారూ, ఒక్కసారి ఇటు రండి" అని వరండాలోంచి అత్తయ్య పిలిచింది.

వెళ్తే, ఆవిడ పళ్లెం ముందు కూర్చుని ఉంది. పళ్లెంలో కొత్తిమీర. నువ్వులు నములుతోంది. బెల్లం పక్కనే, పళ్లెం మీదికి తల వంచి ఉంది.

"ఏమైంది అత్తయ్యా? తింటున్నాయిగా?"

"తింటున్నాయి కాదు, తింటోంది. నేను అరగంట నుంచి ఇక్కడే ఉన్నా. ఈ బెల్లం మూతి పెట్టుకుని కూచుందే గానీ ఆకు ముట్టలేదు."

"మొత్తం మీద నూట తొంభై ఆరు పడ్డాయి అత్తయ్యా. మీరే లెక్కపెట్టారు."

"పెట్టాను. ఎవరివని పెట్టాను? పత్తి తీయడానికి పోయినప్పుడు ఇరవై మందిమి ఒకే చేలో దిగేవాళ్లం. సాయంత్రం ఎవరి మూట వాళ్లది తూచేవాళ్లు. కలిపి తూస్తే, చెట్టు కింద పడుకున్నదీ నేనూ ఒకటే అయిపోమూ? మీ కాటా దగ్గరికొచ్చేసరికి అన్నీ కలిసిపోతాయి. మీకు మూటే కనిపిస్తది, మనిషి కనపడదు."

చెప్పులు విడిచాను. రత్నం బెల్లాన్ని ఒళ్లోకి తీసుకుంది. మొన్న గింజుకున్న కుందేలు ఈసారి కదలలేదు. వీపు గూనిలా పెట్టుకుంది. చెవి దగ్గర పెడితే పళ్లు గిట్టకరుస్తున్న చప్పుడు సన్నగా వినిపించింది. ఒక్కదాన్నే కాటా మీద పెట్టాను. 1 కిలో 990. తరవాత నువ్వులు. 1 కిలో 980. నువ్వులు యాభై పెరిగింది. బెల్లం నూట ముప్పై తగ్గింది. ఆ రెండూ కలిపితే ఎనభై తరుగు. కూడికలో తప్పు లేదు. "చెరి నలభై" అన్న కుందేలు మాత్రం మా వరండాలో ఎక్కడా లేదు.

డాక్టరుకి ఫోన్ చేశాను. "బెల్లం తినట్లేదు మేడం."

"ఎన్ని గంటల నుంచి?"

నా చేతిలో పుస్తకం ఉంది. మూడు రోజుల అంకెలు గంటలతో సహా ఉన్నాయి. ఆ ఒక్క ప్రశ్నకి జవాబు అందులో లేదు.

"తెలియదు మేడం" అన్నాను.

"ఆఖరిసారి ఎప్పుడు పెంటిక వేసింది?"

"అదీ తెలియదు."

ఆవిడ, "వెంటనే బయలుదేరండి. రెండిటినీ తేండి" అన్నారు.

బస్సులో రత్నం ట్రే మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. మైలవరం దాటాక, నేనే, "నేను విడిగా చూడాల్సింది" అన్నాను. "నేనూ పళ్లెం ఖాళీ అయిందనే చూశానండి. ఎవరు ఖాళీ చేశారో చూడలేదు" అంది. అప్పటికి అది చాలా పెద్ద మాట.

డాక్టరు స్టెతస్కోపు బెల్లం పొట్ట మీద నాలుగు చోట్ల పెట్టి విన్నారు. "జీఐ స్టేసిస్. పేగు దాదాపు ఆగిపోయింది. ఒక రోజు పైనే అయుంటుంది. నొప్పితో తినడం మానేసింది, తినకపోయేసరికి పేగు ఆగింది, పేగు ఆగి గ్యాసు పట్టేసరికి నొప్పి ఇంకా పెరిగింది. మందు ఎలా ఇచ్చారు?"

చెప్పాను. అరటిపండు, ఒకే పళ్లెం, కచ్చితమైన కొలత.

ఆవిడ నా పుస్తకం తీసుకుని రెండు పేజీలు తిప్పారు. "లెక్క చక్కగా ఉందండి దయానందం గారూ. కానీ నాకు పేషెంట్లు ఇద్దరు. మీ పుస్తకంలో ఒక్కరే ఉన్నారు."

కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది. బెల్లం మందు కూడా నువ్వులే తినేసి ఉంటుందని, రెండు మోతాదులు పడ్డందుకు దానికి రక్తం తీసి కిడ్నీలు చూడాలని అన్నారు. అదృష్టం, రిపోర్టు మామూలుగానే వచ్చింది. ఆ కాసేపూ మాత్రం, నా వల్ల ఒక కుందేలు కాదు, రెండూ పోతాయేమో అనుకున్నాను.

"బతుకుతుందా మేడం?" అని రత్నం అడిగింది.

"ఈపాటికైనా తేవడం నయమైంది. రేపటికి పెంటిక పడాలి. పడితే మాట్లాడుకుందాం."

చర్మం కింద ఫ్లూయిడ్స్ ఎక్కించారు. నొప్పికి ఇంజెక్షన్, పేగు కదలడానికి ఇంకోటి. గుళికల మేత నానబెట్టి పలచగా రుబ్బి, సిరంజితో బుగ్గ పక్కనుంచి కొంచెం కొంచెంగా పెట్టడం రత్నానికి నేర్పారు. సూటిగా గొంతులోకి కొట్టకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అది మింగాకే ఇంకొంచెం పెట్టాలి. రెండిటినీ ఒకే బోనులో ఉంచి మధ్యలో ఇనుప జాలీ అడ్డం పెట్టారు. ముక్కూ ముక్కూ తగులుతాయి, వాసన తెలుస్తుంది, మేత మాత్రం కలవదు. అంత చిన్న సంగతి! విడదీయకూడదంటే కలిపేయాలని నేను అనుకున్నాను. మధ్యలో ఒక జాలీ అన్నది ఉంటుందని తట్టలేదు. నువ్వులు వచ్చి జాలీకి ఒళ్లు ఆనించి పడుకుంది. బెల్లం ఇటు నుంచి ఆనింది.

మేము విజయవాడలోనే రత్నం పిన్ని గారింట్లో ఉన్నాం. ఆదివారం పొద్దున్నే అత్తయ్య ఫోన్ చేసింది. తిరువూరులో గుడికి వెళ్లి ప్రార్థన చెయ్యమని అడిగిందట. "బెల్లం కోసం ప్రార్థన చెయ్యండయ్యా అంటే, పాస్టరు గారు, షుగరు ఎంతుందమ్మా అన్నారు. నాకు కాదయ్యా, కుందేలుకి అన్నాను. పాపం, నవ్వకుండా చేశారు."

తొమ్మిది గంటలకి ఆస్పత్రికి వెళ్లాం. బెల్లం వైపు బట్ట మీద ఏమీ లేదు. రత్నం సిరంజితో మేత పెట్టింది. పదిన్నరకి మళ్లీ పెట్టింది. నేను గోడ వైపు చూస్తూ నిలబడ్డాను. పదకొండూ పదికి రత్నం నా మోచెయ్యి పట్టుకుంది.

"ఏవండీ."

బట్ట మీద ఒకటి. మిరియపు గింజంత, వంకర టింకరగా, నల్లగా. ఇంకాసేపటికి ఇంకోటి. సాయంత్రానికి పద్నాలుగు. డాక్టరు వచ్చి చూసి, "ఇప్పుడు మాట్లాడుకుందాం" అని కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆ కుర్చీ లాక్కోవడంతోనే నాకు ధైర్యం వచ్చింది.

సోమవారం సాయంత్రం బెల్లం తనంతట తాను ఒక కొత్తిమీర కాడ అందుకుంది. నిదానంగా, కొస నుంచి మొదలుదాకా లోపలికి లాక్కుంది. మంగళవారం ఇంటికి తెచ్చుకున్నాం.

కిటికీకి బిగించగా మిగిలిన జాలీ ముక్కకి చెక్క ఫ్రేము కొట్టించి వరండాలో మధ్యలో పెట్టాను. అటు పళ్లెం, ఇటు పళ్లెం. పుస్తకంలో పేజీ మధ్యన స్కేలుతో గీత గీశాను. ఎడమ బెల్లం, కుడి నువ్వులు. మందు సిరంజితోనే వేశాం. రత్నం తువ్వాలులో చెవులు మాత్రం బయటికుండేలా చుట్టి పట్టుకుంటే, నేను వేసేవాణ్ణి. చుడితే గింజుకోవని ఆస్పత్రిలోనే నేర్పారు. మొదటి రోజే భయపడి ఆపేయకుండా ఫోన్ చేసి అడిగుంటే అప్పుడే చెప్పేవారు.

ఎడమ గడిలో మొదటి రోజు ముప్పై ఎనిమిది. తరవాత అరవై రెండు. తరవాత యాభై ఒకటి. తగ్గిందని కంగారుగా ఫోన్ చేస్తే, "సైజు ఎలా ఉంది?" అన్నారు. పెద్దగా, గుండ్రంగా ఉన్నాయి. "అయితే భయం లేదు. రోజూ పెరగాలంటే ఎలా అండి, అది కుందేలు, కాటా కాదు." ఆ తరవాత రోజు తొంభై ఏడు. తొమ్మిదో రోజుకి నూట డెబ్బై.

కుట్లు రెండిటికీ బాగానే మానాయి. నువ్వులుకి ఒక చోట కాస్త ఎర్రబడింది, నాకుతోందని మెత్తటి గుడ్డ కాలరు వేశాం. కాలరు చూసి బెల్లం రెండు రోజులు జాలీ దగ్గరికి రాలేదు. మూడో రోజు అలవాటైంది. డాక్టరు సరేనన్నాక జాలీ తీసేశాం. నేను తువ్వాలు చేతిలో పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాను, మళ్లీ కొట్టుకుంటాయేమోనని. నువ్వులు నాలుగడుగులు వేసి, బెల్లం ముందు తల నేలకి ఆనించింది. బెల్లం దాని నుదురు నాకింది. అత్తయ్య, "చూశారా, అక్క దగ్గరికి అదే వచ్చింది" అని కొంగుతో ముక్కు తుడుచుకుంది.

బయాప్సీ రిపోర్టు మూడో వారంలో వచ్చింది. గడ్డ క్యాన్సరే. కానీ యుటెరస్ లోపలే ఉంది, అంచులు శుభ్రంగా ఉన్నాయి. "టైముకి తీశాం. ఛాతీ ఎక్స్‌రే మాత్రం కొన్ని నెలలకోసారి చూసుకుందాం" అన్నారు. ఇప్పటికి ఏడాదిన్నర. నాలుగు ఎక్స్‌రేలు అయ్యాయి, నాలుగూ శుభ్రంగా వచ్చాయి. ఇక రాదని డాక్టరు అనలేదు, నేనూ అనను. ప్రస్తుతం బెల్లం బరువు 2 కిలోల 160. నువ్వులు 1 కిలో 950.

పెంటికలు ఇప్పుడు రోజూ లెక్కపెట్టడం లేదు. దాని బదులు పొద్దున్నే ఆకు వేసి, చెరో పది నిమిషాలు చూస్తాను. ముందు ఒకదాన్నే. దాని నోట్లోకి ఆకు వెళ్లడం, దవడ ఆడడం నా కళ్లతో చూశాక, రెండోదాన్ని. వారానికోసారి తూచడం కూడా అంతే. రెండిటినీ బుట్టలోనే కూర్చోబెడతాను, దూరం చెయ్యను. ముందు రెండిటినీ తూస్తాను, ఒకదాన్ని పక్కనే రత్నం ఒళ్లో పెట్టి మిగిలినదాన్ని తూస్తాను. తీసివేతతో రెండోదాని బరువు వచ్చేస్తుంది. అర నిమిషం పని.

పోయిన నెల ఎ.కొండూరు నుంచి ఒక టీచరు గారు ఫోన్ చేశారు. నా అనుమతితో డాక్టరు మేడమే నా నంబరు ఇచ్చారట. వాళ్లకీ రెండు ఆడ కుందేళ్లు, స్పే అయి రెండో రోజు.

"ఎలా ఉన్నాయమ్మా?"

"బాగానే తింటున్నాయండి. పొద్దున వేసిన ఆకంతా అయిపోయింది."

"రెండూ తినడం మీరు చూశారా?"

"అంటే... పళ్లెం ఖాళీగా ఉందండి."

"ఫోన్ పెట్టకండి. కొత్తిమీర తీసుకెళ్లి చెరో కాడ విడివిడిగా అందించి చూడండి."

అటు చెప్పుల చప్పుడు, తలుపు తీసిన చప్పుడు వినిపించాయి. నేను నిలబడే ఉన్నాను. అత్తయ్య ఏంటని సైగ చేసింది, ఆగమని చెయ్యి ఊపాను.

"తెల్లది తింటోందండి" అన్నారామె. ఇంకో కాడ తుంచిన చప్పుడు వినిపించింది. "నల్లది వాసన చూస్తోంది... చూస్తోందండి... ఆఁ, పట్టుకుంది. నములుతోంది!"

"అయితే మీవి రెండూ తింటున్నాయమ్మా" అన్నాను.

జతగా పెంచుకునే వాళ్లకి నేను చెప్పగలిగింది ఇదొక్కటే. ఆపరేషన్ తరవాత వాటిని కలిపే ఉంచండి, మధ్యలో జాలీ పెట్టయినా సరే. కానీ మేత, మందు, పెంటిక, బరువు మాత్రం దేనిది దానికే చూడండి. ఖాళీ పళ్లెం చూసి నమ్మకండి. ఒక్కో నోరూ నమలడం చూశాకే అక్కణ్నుంచి లేవండి.